తోడల్లుడి మూలుగ బొక్క

తౌకీర్ బోసన్‌కి తోడల్లుడి మీద కుళ్ళు పుట్టింది ఒక మూలుగ బొక్క దగ్గర. చదువుకున్నవాడు, చినాబ్ బ్యాంకు ముల్తాన్ శాఖలో అప్పుల విభాగానికి పెద్ద, కాలేజీకి వెళ్ళే కూతురున్న తండ్రి. అలాంటి మనిషి బొక్క కోసం ఏడ్చాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఏడ్చిన మాట మాత్రం నిజం. కళ్ళు తడవలేదు, కడుపు మండింది.

మామగారు హాజీ అల్లావసాయా ఇంట్లో శుక్రవారం నమాజు అయ్యాక కూతుళ్ళూ అల్లుళ్ళూ కలిసి భోంచేయడం ఆనవాయితీ. పెద్దాయనకి హుస్సేన్ ఆగాహీ బజార్లో సోహన్ హల్వా దుకాణం. జీవితమంతా కడాయి ముందు నిలబడ్డ మనిషి, వడ్డన ఇంకొకరికి వదలడు. కుండలో ముక్కలెన్ని ఉన్నా మూలుగ నిండుగా ఉండే పెద్ద బొక్క ఒకటే. అది పెద్దల్లుడిది. సబీహాతో పెళ్ళైన కొత్తల్లో మొదలైన మర్యాద, ఏనాడూ తప్పలేదు. తౌకీర్ దాన్ని పళ్ళెం అంచుకి టకటక కొట్టి, మూలుగ జుర్రి, లాహోర్ హోటళ్ళు మీ ముందు దిగదుడుపే అబ్బాజీ అనాలి. పెద్దాయన గడ్డం దువ్వుకుంటూ చాల్లే అనాలి. ఇది జరిగితేనే అది భోజనం.

ఆ శుక్రవారం గరిటె తౌకీర్ పళ్ళెం దాకా వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. ఆగి, పక్కకి జరిగి, చిన్నల్లుడు ఇద్రీస్ పళ్ళెంలో వంగింది.

"తిను నాయనా," అన్నాడు పెద్దాయన. "రేపట్నుంచి బ్యాంకుని కడగాలి నువ్వు. ఒంట్లో బలం ఉండాలి."

అందరూ నవ్వారు. తౌకీర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇంటికి వెళ్ళాక, "మా నాన్న కూర ఇవాళ బాగా కుదిరింది కదూ?" అని సబీహా అడిగితే, "కారం ఎక్కువైంది," అన్నాడు.

ఇద్రీస్ నోట్లో నాలుక లేని మనిషి. మదరసాలో పాఠాలు చెప్పుకునేవాడు. దగ్గుతూ కదిలే మోటారు సైకిలు మీద మైమూనానీ ముగ్గురు పిల్లల్నీ ఎక్కించుకుని తిరిగేవాడు. పంట చేతికొచ్చినప్పుడల్లా తౌకీర్ తన ఊరి పొలం నుంచి గోధుమ బస్తాలు వాళ్ళింట్లో దింపించేవాడు. అది సొంత పొలం పంట, బ్యాంకు జీతం కాదు కనుక ఇద్రీస్ కూడా కాదనకుండా పుచ్చుకునేవాడు. "భాయ్‌జాన్, అల్లా మీకు ఇంకా ఇవ్వాలి," అనేవాడు. బస్తాలు పంపే రోజుల్లో తౌకీర్‌కి తోడల్లుడంటే ఎంత ప్రేమో! అంత మంచివాడు ముల్తాన్‌లో లేడని పదిమందికీ చెప్పుకునేవాడు. అవతలివాడు కింద ఉన్నంతకాలం ప్రేమించడం ఎంత తేలికో తౌకీర్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఇంతలో చినాబ్ బ్యాంకు వడ్డీ మానేసి ఇస్లామీ పద్ధతిలోకి మారుతుందని పైనుంచి హుకుం వచ్చింది. శాఖ శాఖకీ షరియా తెలిసినవాళ్ళు కావలసి వచ్చారు. ఇద్రీస్ మదరసా కిటికీ పక్కన కూర్చుని ఎప్పుడు చదివాడో ఏమో, కరాచీ వెళ్ళి పరీక్ష రాసి వచ్చాడు. ముల్తాన్ శాఖకి షరియా అధికారి అయి కూర్చున్నాడు. బ్యాంకు కారిచ్చింది. తౌకీర్ గదికి ఎదురుగా గదిచ్చింది. పాత వడ్డీ అప్పులన్నీ కొత్త పద్ధతిలోకి మారి, అన్నీ శుభ్రంగా ఉన్నాయని ఇద్రీస్ సంతకం పెడితేనే ముఖద్వారం మీద నీలం బోర్డు దిగి ఆకుపచ్చ బోర్డు ఎక్కుతుంది. ఇన్నేళ్ళుగా నగరంలో పత్తి వ్యాపారులు తౌకీర్ సంతకం కోసం వరండాలో కూర్చునేవారు. ఇప్పుడు తౌకీరే ఇద్రీస్ సంతకం కోసం ఆ తలుపు తట్టాలి.

ఆ ఆకుపచ్చ బోర్డు అందరికంటే ఎక్కువగా కావలసింది తౌకీర్‌కే, అదీ అసలు చిక్కు.

ఎందుకంటే మామగారు తౌకీర్ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టడు. పెళ్ళినాటికి తౌకీర్ పిండిమిల్లులో లెక్కలు రాసేవాడు. తర్వాత బ్యాంకులో చేరాడు. చేరిన రోజే పెద్దాయన అన్నాడు. "నా కూతురు ఇల్లు, వస్తాను. నా మనవల్ని ఎత్తుకుంటాను. వడ్డీ జీతంతో వండింది మాత్రం నా నోట్లో పెట్టుకోను, ఏమనుకోకు." అన్నట్టే చేశాడు. పండక్కి వచ్చినా, మనవరాలు పుట్టినప్పుడు వచ్చినా చంకలో ఒక ఫ్లాస్కు ఉండేది. తన టీ తనే తెచ్చుకుని, అల్లుడి సోఫాలో కూర్చుని, దాని మూతలో పోసుకుని తాగేవాడు. సబీహా వంటకి వీధంతా పేరు. కన్నతండ్రికి మాత్రం దాని రుచి తెలియదు. ఆయన వెళ్ళిపోయాక ఆమె గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడులో తౌకీర్‌కి అన్నీ వినబడేవి. అత్తగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్ళు వరండాలో పడుకున్నది తౌకీరే, పోయాక పాడె భుజానికెత్తుకున్నదీ తౌకీరే. భుజం పనికొచ్చింది, అన్నం పనికి రాలేదు. ఒక్కసారి ఆ మనిషి తన ఇంట్లో ఒక్క ముద్ద తింటే చాలని తౌకీర్ ఎన్నో దువాల్లో అడుక్కున్నాడు.

ఇప్పుడా ముద్దకి ఇద్రీస్ సంతకం అడ్డుగా నిలబడింది. ఎవరికి ఒళ్ళు మండదు?

బ్యాంకులో మధ్యాహ్నం నమాజు తర్వాత ఇద్రీస్ పాఠం ఉండేది. క్యాషియర్లు, గుమాస్తాలు, అందరికంటే వెనక కుర్చీలో తౌకీర్.

"మౌల్వీ సాబ్, ఒక్క అనుమానం," అన్నాడు తౌకీర్ మొదటి రోజే. ఇంట్లో ఇద్రీస్, ఇక్కడ మౌల్వీ సాబ్. ఆ పిలుపులో ఎంత వెటకారం పట్టాలో అంతా పట్టించాడు. "నిన్నటిదాకా వడ్డీ అన్నాం. రేపట్నుంచి లాభం అంటాం. గాడిదకి జీను మార్చడమేగా?"

గదిలో కిసుక్కున నవ్వులు. ఇద్రీస్ కూడా నవ్వాడు. అదే తౌకీర్‌కి నచ్చదు, వాడికి కోపం రాదు.

"మంచి మాట అడిగారు భాయ్‌జాన్. అబ్బాజీ దుకాణం సంగతి చూద్దాం. ఒకడికి హల్వా కావాలి, చేతిలో డబ్బు లేదు. డబ్బు మనం అప్పిచ్చి, తర్వాత ఎక్కువ వసూలు చేస్తే వడ్డీ. అలా కాకుండా హల్వా మనమే కొని, మన అధీనంలోకి తెచ్చుకుని, ఇంతకి కొన్నాను, నా లాభం ఇంత, ఆర్నెల్లకి ఇవ్వు అని అతనికి అమ్మితే అది బేరం. దీన్నే మురాబహా అంటారు. కాకపోతే ఒకటి. అమ్మేటప్పుడు హల్వా ఉండాలి. మధ్యలో ఎలక ఎత్తుకుపోతే నష్టం మనది. అతను కాస్తా తినేశాక, ఇదిగో ఇప్పుడు నీకు అమ్ముతున్నా అంటే మనం అమ్మేది ఏమిటి?"

"త్రేనుపు!" అన్నాడు క్యాషియర్ మజహర్.

గది గొల్లుమంది. ఆ నవ్వు ఇద్రీస్ వైపు నిలిచిన నవ్వు. తన మామగారి హల్వాని, తనకంటే వెనకొచ్చిన అల్లుడు నలుగురిలో పంచిపెడుతున్నాడని తౌకీర్ పళ్ళు కొరుక్కున్నాడు.

"మన పాత అలవాటుందే, అదీ ప్రమాదం," అంటూ ఇద్రీస్ కొనసాగించాడు. "ఖాతాదారు రాగానే అన్ని కాగితాల మీదా ఒక్కసారే సంతకాలు పెట్టించుకుని, తేదీలు తర్వాత తీరిగ్గా వేసుకుంటాం. ఇకమీదట అది కుదరదు. ముందు సరుకు కొనాలి. తర్వాత మనవాళ్ళిద్దరు వెళ్ళి కళ్ళారా చూడాలి, మీరొకరు, నేనొకణ్ణి. ఆ తర్వాతే అమ్మకం. ఇంత జాగ్రత్త పడినా ఒక్కోసారి తప్పు జరుగుతుంది. జరిగితే ఏం చేయాలో ఇప్పుడు చెప్తాను."

తౌకీర్ ఫోను చెవికి ఆనించుకుని, "ఆ, చెప్పండి మలిక్ సాబ్," అంటూ లేచి బయటికి నడిచాడు. ఫోను మోగనే లేదు. వరండాలో నిలబడి, పాఠం అయ్యేదాకా అవతలి గోడ మీద పావురాల్ని చూశాడు.

ఖాతాలు ఒక్కొక్కటే మారాయి. చివరికి మిగిలింది మలిక్ ఖిజర్‌ది. షుజాబాద్ రోడ్డు మీద పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు, తౌకీర్ పెంచి పెద్ద చేసిన ఖాతా. కొత్త పద్ధతి ప్రకారం బ్యాంకు తరఫున రైతుల దగ్గర గింజ పత్తి కొనేశారు. అది ఇప్పుడు బ్యాంకు సొత్తు. తౌకీర్, ఇద్రీస్ చూసి రావాలి, అప్పుడు మలిక్‌కి అమ్మాలి, అప్పుడు మలిక్ దాన్ని మరలో వేసుకోవచ్చు.

"భాయ్‌జాన్, రేపు మీరు ముందు వెళ్ళి చూసి రండి. ఎల్లుండి నేను వెళ్తాను," అన్నాడు ఇద్రీస్.

వెళ్ళి చూసి రండి! గోధుమ బస్తా దింపించినవాడికి పత్తి కుప్ప చూసి రమ్మని పురమాయింపు! తౌకీర్ దారి పొడుగునా కారులో ఒంటరిగా ఇద్రీస్‌ని దులిపేశాడు.

మిల్లు ఆవరణలో పత్తి కుప్పలు లేవు. వాన వెలిసిన నేల తుడిచినట్టు ఉంది. షెడ్డులో మాత్రం ఇనుప పట్టీలు బిగించిన దూది బేళ్ళు కప్పుదాకా పేర్చి ఉన్నాయి.

"గింజ పత్తి ఏది మలిక్?"

"ఎదురుగా ఉందిగా," అన్నాడు మలిక్ ఖిజర్ బేళ్ళు చూపిస్తూ. భారీ మనిషి, మీసాల్లో దూది పింజలు. "మొన్న మబ్బు కమ్మింది బోసన్ సాబ్. కుప్పలన్నీ ఆరుబయట. తడిస్తే ఎవరు ఎండబెడతారు, మీరా, మీ మౌల్వీనా? గింజ తీయించేశా."

"ఇంకా నీకు అమ్మనే లేదు కదయ్యా!"

"అయితే ఇప్పుడు అమ్మండి. వెనక తేదీ వేసుకోవడం మీకు నేను నేర్పాలా? నాకు నేర్పిందే మీరు."

నేర్పింది తనే. ఇద్రీస్ చెప్పిన హల్వా కథ అచ్చంగా జరిగింది. సరుకు పోయింది, బేరం చెడింది, ఖాతా మళ్ళీ మొదటికి రావాలి. ఫోను తీసి ఇద్రీస్‌కి చెప్పేద్దామనుకున్నాడు. వేలు ఆ పేరు మీదకి వెళ్ళి ఆగిపోయింది.

చెప్తే ఏమవుతుంది? చూశారా, నేను చెప్పలేదా అంటాడు, నవ్వుతూ. శుక్రవారం మామగారి ముందు చెప్తాడు. ఇంకో బొక్క.

చెప్పకపోతే?

చెప్పకపోతే ఇద్రీస్ రేపు వచ్చి స్వయంగా చూస్తాడు. అప్పుడూ పట్టుబడుతుంది. కానీ మర్నాడు ఉదయం హెడ్డాఫీసువాళ్ళు ఇద్రీస్‌ని ఉన్నపళంగా ఖానేవాల్ శాఖకి పొమ్మన్నారు. ఇద్రీస్ గాభరాగా తౌకీర్ గదిలోకి వచ్చాడు.

"భాయ్‌జాన్, మిల్లుకి వెళ్ళడం నాకు కుదిరేట్టు లేదు. మీరు చూశారుగా? గింజ పత్తి గింజ పత్తిగానే ఉందిగా?"

తౌకీర్ టీ ఒక గుక్క తాగాడు. "ఉంది."

"మీ కళ్ళతోనే చూశారుగా?"

"నా కళ్ళు కాకపోతే మీ సబీహా ఆపా కళ్ళు పట్టుకెళ్తానా?"

ఇద్రీస్ హాయిగా నవ్వాడు. "మీరు చూస్తే నేను చూసినట్టే," అని, తను చూసినట్టు రాసి ఉన్న చోట సంతకం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తౌకీర్ ఇంటికి మల్లెపూలు పట్టుకెళ్ళాడు. సబీహా ఆశ్చర్యపోయింది. "ఏవండీ, ఏమిటీ సంబరం?" అంది. "బోర్డు మారబోతోంది," అన్నాడు. అది నిజమే, కాని సగం నిజం. మిగతా సగం గుండెలో బెల్లం ముక్కలా చప్పరించుకున్నాడు. చూడని సరుకుని చూశానని సంతకం పెట్టాడు మౌల్వీ. ఎప్పుడు కావాలంటే అప్పుడు పట్టుకుని బజార్లో నిలబెట్టొచ్చు.

ఆకుపచ్చ బోర్డు ఎక్కింది. మిఠాయిలు పంచారు. దాని కింద తొలి జీతం వచ్చింది. ఆ వారమే మామగారు కబురు పెట్టాడు, ఆదివారం భోజనానికి వస్తున్నానని. ఆ మర్నాడే, సోమవారం, జోనల్ హెడ్ తనిఖీకి వస్తున్నాడు. తౌకీర్ మనసులో లెక్క తేలిపోయింది. ఆదివారం మామగారి ముద్ద. సోమవారం మలిక్ చేత నిజం చెప్పించి, నన్నూ మోసం చేశాడు సార్, మౌల్వీ సాబ్ వెళ్ళి చూసి ఉంటే దొరికేవాడు అని అమాయకంగా ముఖం పెట్టడం. రెండూ కావాలి తౌకీర్‌కి. ఆశకి అడ్డేముంది?

ఆదివారం తెల్లారేసరికే సబీహా వంటింట్లో ఉంది. మాంసం సన్నని మంట మీద ఉడుకుతోంది, కొత్త జీతంతో కొన్న మాంసం, కొత్త జీతంతో కొన్న నెయ్యి. తౌకీర్ నాలుగుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. ఇద్రీస్ కారు ఆగింది. ముందు మైమూనా, పిల్లలు దిగారు, తర్వాత ఇద్రీస్ చెయ్యి పట్టుకుని మామగారు దిగాడు. చంకలో ఫ్లాస్కు లేదు.

సబీహా అది చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గిరుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఒక్క నిమిషం తౌకీర్‌కి ఇద్రీస్ గుర్తుకే రాలేదు. అలాగే ఉండిపోతే ఎంత బావుండేది!

నేల మీద భోజనాలకి తెల్లటి దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. పెద్దాయన చేతులు కడుక్కుని మధ్యలో కూర్చున్నాడు. తౌకీర్ ఎదురుగా కూర్చున్నాడు. మైమూనా వేడి రొట్టెలు తెచ్చింది, సబీహా కూర గిన్నె దించింది. పెద్దాయన రొట్టె తుంచాడు. కూరలో ముంచాడు. బిస్మిల్లా అన్నాడు. ముద్ద పైకి లేచింది.

ముద్ద గడ్డం దాకా వెళ్ళి ఆగింది. పెద్దాయనకి ఏదో మంచిమాట చెప్పాలనిపించింది.

"ఇదంతా ఇద్రీస్ పుణ్యం," అన్నాడు పెద్దాయన. "వాడు శుభ్రం అన్నాడు, నేను వచ్చాను. వాడి మాట మీదే కూర్చున్నాను ఇక్కడ. ఈ ఇంటి అన్నం నాకు తినిపించింది వాడే."

ఆస్పత్రి వరండా ఎవరిది? పాడె మోసిన భుజం ఎవరిది? ఇన్నేళ్ళ ఎదురుచూపు ఎవరిది? తెల్లారి నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి ఎవరి పెళ్ళాం? తినిపించింది మాత్రం ఇద్రీస్! తౌకీర్ చెవుల్లో సెగ పుట్టింది. సోమవారం దాకా ఆగుదామనుకున్నవాడు, ఒక్క ముద్ద మింగేదాకా కూడా ఆగలేకపోయాడు.

"శుభ్రం ఏమిటి శుభ్రం!" అని అరిచాడు. "వాడసలు చూడనే లేదు అబ్బాజీ! చూడకుండా చూశానని సంతకం పెట్టాడు మీ పుణ్యాత్ముడు! మలిక్ ఖిజర్ పత్తి అప్పటికే దూదైపోయింది. తినేసిన హల్వా అమ్మాడు వీడు!"

పెద్దాయన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ముద్ద పళ్ళెంలో పడింది.

ఇద్రీస్ ముఖంలో రక్తం లేదు. "అప్పటికే గింజ తీసేశారా?" అన్నాడు. "మీరు చూశానన్నారు కదా భాయ్‌జాన్. నేను అడిగాను. మీ కళ్ళతోనే చూశారా అని రెండోసారి కూడా అడిగాను."

అప్పుడు అందరి కళ్ళూ తౌకీర్ వైపు తిరిగాయి. తను ఏం చేశాడో తౌకీర్‌కి అప్పుడు అర్థమైంది.

"మీకు ముందే తెలుసా?" అంది సబీహా. చేతిలో నీళ్ళ జగ్గు అలాగే ఉంది. "తెలిసే ఇవాళ నా చేత వండించారా?"

ఎదురుగా కాలేజీ చదివే కూతురుంది. మరదలుంది. అబద్ధం ఇంకొకటి చెప్పడానికి చోటు లేదు.

"తెలుసు," అన్నాడు. "వాడి చేత సంతకం పెట్టించడానికే ఉందని చెప్పాను. రేపు జోనల్ సాబ్ ముందు వాణ్ణి నిలబెట్టి నవ్వుదామని."

"ఎందుకురా?" అన్నాడు పెద్దాయన. అల్లుణ్ణి ఏరా అనడం అదే మొదటిసారి. "వాడు నీకేం చేశాడు?"

తౌకీర్ చెప్పడానికి పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు.

"మీరు మూలుగ బొక్క వాడి పళ్ళెంలో వేశారు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బావుండేది. కూతురు తల దించుకుంది. మైమూనా అక్క భుజం మీద చెయ్యి వేసింది. పెద్దాయన తౌకీర్‌ని చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎప్పుడో మర్చిపోయిన గరిటెని గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది.

తర్వాత తల తిప్పి ఇద్రీస్‌ని అడిగాడు. "చెప్పు. ఈ అన్నం నేను తినొచ్చా, తినకూడదా?"

ఇద్రీస్ వద్దంటే చాలు, పెద్దాయన లేచిపోతాడు, ఫ్లాస్కు మళ్ళీ చంకెక్కుతుంది, ఇక ఈ జన్మకి దిగదు. ఆ చోట తనుంటే ఏమనేవాడు? తౌకీర్‌కి తన సంగతి తెలుసు. తప్పకుండా వద్దనేవాడు.

ఇద్రీస్ తొందరపడలేదు.

"ఆ ఒక్క బేరం చెల్లదు అబ్బాజీ," అన్నాడు. "దాని మీద వచ్చిన లాభం బ్యాంకు ముట్టుకోకూడదు, బీదాబిక్కీకి పోవాలి. ఏ శాఖలోనైనా తప్పు జరిగితే చేసేది అదే. ఆ రోజు పాఠంలో చెప్పాను. భాయ్‌జాన్‌కి ఫోనొచ్చి బయటికి వెళ్ళారు." తౌకీర్ కళ్ళు మూసుకున్నాడు. ఇంతా చేసి, తను గుండెల్లో దాచుకున్న బాంబుకి విరుగుడు పాఠంలోనే ఉంది. "భాయ్‌జాన్ జీతం ఆయన కష్టార్జితం. దానికీ దీనికీ సంబంధం లేదు. తినండి."

"మరి వీడాడిన అబద్ధం?"

"అది ఆయనా అల్లా చూసుకుంటారు. కూరలోకి రాదు." అన్నాడు ఇద్రీస్. "చూడకుండా సంతకం పెట్టిన తప్పు మాత్రం నాది. రేపు జోనల్ సాబ్‌కి నేనే చెప్పుకుంటాను."

"ఉద్యోగం?" అంది మైమూనా, చాలా చిన్నగా.

"పోతే మదరసా ఉందిగా," అన్నాడు ఇద్రీస్. నవ్వబోయాడు, కుదరలేదు.

ఇన్నాళ్ళూ తౌకీర్ కోరుకున్నది ఇదే. ఇద్రీస్ తల దించుకుని జోనల్ హెడ్ ముందు నిలబడాలి. ఇప్పుడది నిజం కాబోతుంటే నోరు చేదెక్కింది. మైమూనా ముఖం వైపు చూడలేక దస్తర్‌ఖాన్ అంచు నలిపాడు. "రేపు ఇద్దరం వెళ్దాం," అన్నాడు. మంచితనంతో అన్న మాట కాదది, ఇంకే మాటా మిగలక అన్నది. "ముందు నేను చెప్తాను. అబద్ధం ముందు, సంతకం తర్వాత. నువ్వు చెప్పినట్టే వరసలో."

ఇద్రీస్ తలూపాడు.

పెద్దాయన పళ్ళెంలో పడిన ముద్దనే మళ్ళీ తీసుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళు లేని దవడ నెమ్మదిగా ఆడింది. సబీహా జగ్గు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఉప్పు తక్కువేశావు తల్లీ," అన్నాడు పెద్దాయన.

సబీహా ఫక్కున నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఉప్పు డబ్బా కోసం పరిగెత్తింది. తౌకీర్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన తిన్నాడు. తన ఇంట్లో, తన పళ్ళెంలో. కాని ఆ సంతోషం అడుగున ముల్లు ఉండనే ఉంది. తిన్నది ఎవరి మాట మీద? మళ్ళీ వాడి మాట మీదే. ఇంత జరిగాక కూడా, ఇంత సిగ్గుపడ్డాక కూడా, లోపలి కుళ్ళు లేచి కూర్చుని అదే లెక్క వేస్తోంది. గోధుమ బస్తాలన్నీ ఒక వైపు పెట్టినా ఈ ఒక్క ముద్దకి సరితూగవు. తౌకీర్‌కి తన మీద తనకే రోత పుట్టింది, కుళ్ళు మాత్రం చావలేదు.

"వడ్డించండి," అంటూ సబీహా గరిటె చేతికిచ్చింది. తన ఇల్లు కనుక వడ్డన ఇవాళ తౌకీర్‌ది. గిన్నెలో కలియబెట్టాడు. గరిటెలోకి అదే వచ్చింది, అన్నిటికంటే పెద్దది, మూలుగ పొంగుతున్నది.

మామగారి పళ్ళెంలో వేయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆయనకి పళ్ళు లేవు, తిప్పి తౌకీర్ పళ్ళెంలోనే వేస్తాడు. ఆ సంగతి కూడా తౌకీర్‌కి తట్టింది, చూడండి! గరిటె గాల్లో అలా కాసేపు నిలబడింది. పెద్దాయన నమలడం ఆపి చూస్తున్నాడు. చివరికి చెయ్యి కదిలింది. ఏదో బండరాయి మోస్తున్నంత బరువుగా కదిలి, ఇద్రీస్ పళ్ళెం మీద వంగింది.

ఇద్రీస్ కంగారుపడి బొక్కని వెంటనే చేతిలోకి తీసుకుని తౌకీర్ పళ్ళెం వైపు చాచాడు. "వద్దు భాయ్‌జాన్, ఇది మీది. ఎప్పుడూ మీదే."

"నోర్మూసుకుని తిను ఇద్రీస్," అన్నాడు తౌకీర్. "నా మనసు మళ్ళీ మారేలోపు తినెయ్."